శ్రీకాకుళం, విజయనగరం మట్టిదారుల్లో గ్రావెల్ సైక్లింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ రెండు జిల్లాల్లో గ్రావెల్ సైకిల్ తొక్కాలనుకునేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. తారు రోడ్డు మీద వేగంగా పోవాలనుకుంటే హైవే ఉంది. ఇక్కడ చెప్పేదంతా కాలువ గట్లు, చెరువు గట్లు, జీడితోటల మధ్య బండిబాటలు, కొండ కింద ఊళ్లను కలిపే ఎర్రమట్టి రోడ్ల గురించి. ఇవేవీ సైకిళ్ల కోసం వేసినవి కావు. కాలువకు నీళ్లు వదలడానికి, పంట ఇంటికి చేర్చడానికి వేసుకున్నవి. అందుకే ఏ దారి ఎప్పుడు బాగుంటుందో మ్యాప్ చూస్తే సగమే తెలుస్తుంది, మిగతా సగం ఆ నెలలో పొలంలో ఏం జరుగుతోందో చూసి తెలుసుకోవాలి.

గ్రావెల్ సైకిలే కొనాలా? ఇంట్లో ఉన్నదానితో కుదరదా?

కుదురుతుంది. మొదటి శీతాకాలానికి కొత్తది కొనొద్దనే చెబుతాను. గ్రావెల్ సైకిల్‌కి రేసు సైకిల్‌లా కిందికి వంగిన హ్యాండిల్, దానికంటే బాగా వెడల్పైన టైర్లు, డిస్క్ బ్రేకులు, ఎత్తు ఎక్కడానికి తేలికైన గేర్లు ఉంటాయి. అమెరికాలో కాన్సాస్ లాంటి రాష్ట్రాల్లో పొలాల మధ్య రాళ్ల రోడ్ల మీద ఈ ఆట ఊపందుకుంది. అక్కడి ఎంపోరియాలో 2006లో మొదలైన పోటీకి ఇప్పుడు ప్రపంచమంతా పేరుంది. 2022 నుంచి ప్రపంచ ఛాంపియన్‌షిప్ కూడా జరుగుతోంది. మనకు ఆ పోటీలతో పని లేదు కాబట్టి అంత ఖరీదైన బండితోనూ పని లేదు.

హైబ్రిడ్ సైకిల్ (రోడ్ బైక్‌కీ మౌంటెన్ బైక్‌కీ మధ్య రకం) ఉంటే దానికి 38 లేదా 40 మిల్లీమీటర్ల టైరు పడుతుందేమో షాపులో అడగండి. పడితే ఇక్కడి దారుల్లో చాలావరకు అది సరిపోతుంది. మౌంటెన్ బైక్ ఉంటే ఇసుకలో, గతుకుల్లో ఇంకా మేలు, కాకపోతే తారు మీదికొచ్చేసరికి ఆ గుబ్బల టైర్లు ఈడుస్తాయి. పాతిక, ఇరవై ఎనిమిది మిల్లీమీటర్ల సన్న టైర్ల రోడ్ బైక్ మాత్రం వద్దు. మీద మట్టి కొట్టుకుపోయి కంకర తేలిన రోడ్డులో ట్యూబు రాయికీ రిమ్ముకీ మధ్య నలిగి, పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. అతుకు వేసిన కిలోమీటరుకే మళ్లీ పడతాయి.

టైర్లలో గాలి ఎంత ఉండాలి? ట్యూబ్‌లెస్ అవసరమా?

డెబ్బై కిలోల మనిషికి, 40 మిల్లీమీటర్ల టైరుకి ట్యూబ్ ఉంటే 35 నుంచి 40 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత), ట్యూబ్‌లెస్ అయితే 30 దగ్గర మొదలుపెట్టండి. వెనక చక్రానికి రెండు పీఎస్ఐ ఎక్కువ. చాలామంది ఇంట్లో గట్టిగా గాలి కొట్టి బయల్దేరతారు. మట్టి మీద ఆ గట్టి టైరు ప్రతి రాయికీ ఎగిరి పడుతుంది, మలుపులో జారుతుంది.

ట్యూబ్‌లెస్ సంగతికొస్తే, ఇక్కడ దాని అవసరం రాళ్లకంటే ముళ్లవల్లే ఎక్కువ. చెరువు గట్ల మీద సర్కారు తుమ్మ విపరీతంగా పెరిగింది. వంటచెరుకుకి కొమ్మలు కొట్టి మోపులు కట్టి తీసుకెళ్లినప్పుడల్లా దారి పొడవునా ముళ్లు రాలతాయి. ఎండాకాలంలో పల్లేరుకాయలు వీటికి తోడు. లోపల సీలెంట్ (చిల్లు పూడ్చే ద్రవం) ఉంటే ముల్లు దిగినా కాస్త తెల్లగా కారి దానంతటదే పూడిపోతుంది. ముల్లు కనిపించిందని వెంటనే పీకేయకండి. విరగకుండా ఉంటే ఇంటికొచ్చాకే తీయండి. మన ఎండలకి సీలెంట్ తొందరగా ఎండిపోతుంది, రెండు మూడు నెలలకోసారి చూసుకోవాలి.

ఏ నెలలు మంచివి?

నవంబర్ నెలాఖరు నుంచి ఫిబ్రవరి దాకా. ఒక్క ముక్కలో జవాబు ఇదే గానీ, నెల నెలకీ దారి మారిపోతుంది కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి.

జూన్, జూలైల్లో తొలకరి పడగానే ఎర్రమట్టి రోడ్డు మెత్తబడి టైరుకి అంటుకుంటుంది. ఊడ్పుల టైములో ట్రాక్టర్లు దమ్ము చక్రాలతోనే పొలానికీ ఇంటికీ తిరుగుతాయి. ఆ ఇనప చక్రాలు రోడ్డుని ఎలా చెక్కేస్తాయంటే, ఎండిన తర్వాత దాని మీద సైకిల్ తొక్కితే చేతులు రాత్రి దాకా తిమ్మిరెక్కి ఉంటాయి. ఆగస్టు, సెప్టెంబర్‌లలో పచ్చదనం అద్భుతం, కానీ కాలువలు నిండుగా ఉంటాయి, గట్టు అంచులు నాని కూలుతుంటాయి. అక్టోబర్ తుపాన్ల నెల. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబర్‌లోనే వచ్చాయి. వాతావరణ శాఖ హెచ్చరిక ఉంటే తీరం వైపు ప్లాన్ మానుకోవాల్సిందే.

సెప్టెంబర్, అక్టోబర్‌లలో ఇంకో విషయం ముక్కుకి తెలుస్తుంది. గోగు కట్టలు చెరువుల్లో, గెడ్డల్లో (వాగుల్లో) ఊరవేసి నార తీసే రోజులవి. ఆ వాసన కిలోమీటరు ముందే తగులుతుంది. మోకాలి లోతు నీళ్లలో నిలబడి కట్టని నీళ్ల మీద బాది, నారని ఒక్క ఊపున పుల్ల నుంచి లాగేస్తారు. తీసిన నారని రోడ్డు పక్క కర్రల మీద ఆరేస్తారు. ఎండ పడితే మెరిసిపోతుంది. గోగు సాగు ఏటేటా తగ్గిపోతోంది, చూడాలనుకుంటే ఈ రెండు నెలల్లోనే రండి.

నవంబర్, డిసెంబర్‌లలో వరికోతలు. ఊరి రోడ్డంతా కళ్లమే. ధాన్యం ఆరబోసి ఉంటుంది, కుప్పలు నూర్చుతుంటారు. ఆరబోసిన ధాన్యం మీంచి సైకిల్ పోనివ్వకండి. కార్లు పోతున్నాయి కదా అనొచ్చు, కారుని ఆపలేక ఊరుకుంటారు. దిగి, పక్కనుంచి నడిపించుకుని వెళ్తే ముసలమ్మ కూడా నవ్వి దారిస్తుంది. ఎండాకాలంలో మొక్కజొన్నలతో ఇదే వరస.

మార్చి తర్వాత ఉదయం తొమ్మిదికల్లా ఇంటికి చేరేలా వెళ్లండి. ఏప్రిల్, మేలలో తాటిముంజలు తప్ప ఇంకో ఆకర్షణ లేదు.

మొదటిసారి వచ్చేవాళ్లకి ఏ రూటు?

విజయనగరం నుంచి అయితే నెల్లిమర్ల మీదుగా రామతీర్థం. పోనూ రానూ కలిపి ముప్ఫై కిలోమీటర్ల లోపే, ఎత్తుపల్లాలు లేవు. నెల్లిమర్ల జూట్ మిల్లు దాటాక మెయిన్ రోడ్డు వదిలి చంపావతి నది వైపు ఊళ్లను కలిపే మట్టిరోడ్లు పట్టుకోండి. రామతీర్థంలో కోదండరాముడి గుడి అందరికీ తెలుసు. పక్కనే బోధికొండ, గురుభక్తులకొండ మీద బౌద్ధ, జైన ఆనవాళ్లున్నాయి. సైకిల్ కింద తాళం వేసి నడిచి ఎక్కొచ్చు. కొండ మీంచి చూస్తే మీరు తొక్కొచ్చిన దారి ఏ చెరువుని చుట్టి వచ్చిందో అంతా కనబడుతుంది. విజయనగరంలో సిరిమానోత్సవం రోజు, అంటే దసరా తర్వాత వచ్చే మంగళవారం, ఊళ్లోకి సైకిల్‌తో రావాలని చూడకండి. నడవడానికే చోటుండదు.

శ్రీకాకుళం నుంచి అయితే తీరం రూటు. దాన్ని కింద విడిగా రాశాను.

తాటిపూడి, ఎస్.కోట (శృంగవరపుకోట) వైపు ఎలా ఉంటుంది?

నా ఓటు దీనికే. ఒకే పూటలో వరిపొలాలు, మామిడితోటలు, రిజర్వాయరు, కొండ అడవి అన్నీ కావాలంటే ఈ వైపు రావాలి. విజయనగరం నుంచి గంట్యాడ మీదుగా తాటిపూడికి వెళ్లండి. గోస్తనీ నది మీద 1960లలో కట్టిన రిజర్వాయరు ఇది, విశాఖకి తాగునీరు ఇక్కణ్నుంచి కూడా వెళ్తుంది. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల కిందుగా దిగి, ఇక్కడ ఆగి, భీమిలి దగ్గర సముద్రంలో కలిసే నది. నీళ్ల అవతల వరసగా కొండలుంటాయి. పొద్దున్నే వెళ్తే ఆ కొండల మొదళ్లలో మంచు కదలకుండా ఉంటుంది.

అక్కణ్నుంచి శృంగవరపుకోట దాకా కొండ అంచునే ఊరూరా తిరిగే ఎర్రమట్టి రోడ్లున్నాయి. ఇక్కడి మట్టిలో శనగగింజంత గుండ్రటి ఎర్రరాళ్లు ఉంటాయి. ఎండాకాలానికి అవి మట్టి నుంచి ఊడి రోడ్డు మీద వదులుగా పరుచుకుంటాయి. దిగుడులో ముందు బ్రేకు గట్టిగా పట్టారా, చక్రం జారి పడతారు. మలుపుకి ముందే వేగం తగ్గించుకోండి, మలుపులో బ్రేకు జోలికే పోకండి. బండ్లు తిరిగి గట్టిపడిన రెండు చారలు ఉంటాయి, వాటిలోనే ఉండండి. మధ్యలో గడ్డి దిమ్మ మీదికి ఎక్కాలని చూడొద్దు.

ఎస్.కోట దగ్గర పుణ్యగిరి కొండ కింద దాకా సైకిల్ వెళ్తుంది. పైన ఉమాకోటేశ్వరస్వామి గుడి, ధారలు ఉన్నాయి. శివరాత్రికి జనం పోటెత్తుతారు కాబట్టి ఆ రెండు మూడు రోజులూ వదిలేయండి.

అరకు ఘాట్ రోడ్డు ఎక్కొచ్చా అని ఇక్కడే అడుగుతారు. ఎక్కొచ్చు, కానీ అది గ్రావెల్ కాదు, మంచి తారు రోడ్డు. అదే కొండ ఎక్కే కొత్తవలస-కిరండూల్ రైలుమార్గంలో శిమిలిగుడ స్టేషనే సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. ఎస్.కోట మైదానం నుంచి అంత ఎత్తు కాళ్లతో లాగాలి. ముందు నలభై పళ్లుంటే వెనక నలభై రెండు పళ్ల గేరైనా ఉండాలి. శని, ఆదివారాలు టూరిస్టు కార్లతో చిరాకు, వారం మధ్యలో వెళ్లండి.

శ్రీకాకుళం తీరం రూటు చెప్పండి.

అరసవల్లి సూర్యదేవాలయం దగ్గర బయల్దేరి శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం. వెనక్కి రావడంతో కలిపి అరవై, డెబ్బై కిలోమీటర్లు అవుతుంది, ఎన్ని అడ్డదారులు పడతారన్నదాన్ని బట్టి. తెల్లారకముందు బయల్దేరండి. దానికి కారణం ఎండ ఒక్కటే కాదు. ఉదయం గాలి తక్కువ. పదీ పదకొండు దాటాక సముద్రం మీంచి నేల వైపు గాలి మొదలవుతుంది. పొద్దున్న సముద్రం వైపు వెళ్లి, ఆ గాలి లేచాక ఊరివైపు తిరిగితే వెనకనుంచి అదే తోస్తుంది. తలకిందులుగా చేశారంటే ఆఖరి పదిహేను కిలోమీటర్లు ఎదురుగాలితో కుస్తీయే.

శ్రీకూర్మం గుడిలో నక్షత్ర తాబేళ్లని చూసి, శాలిహుండం కొండెక్కండి. పైన బౌద్ధ స్తూపాలు, కింద వంశధార. నది సముద్రంలో కలిసే కళింగపట్నం అక్కణ్నుంచి దగ్గరే. అక్కడ లైట్‌హౌస్ ఉంది, ఒకప్పటి రేవు. సరుగుడు తోటల్లోంచి బీచ్‌కి దారి కనిపిస్తుంది గానీ, అది పొడి ఇసుక. ఏ టైరుతోనైనా దిగి తోయాల్సిందే. నీటి అంచున గట్టి ఇసుక మీద తొక్కాలని మనసవుతుంది. తొక్కితే ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి గొలుసుకి నూనె వేయండి. రెండ్రోజులు ఆగితే తుప్పు కనిపిస్తుంది.

కాలువ గట్ల మీద తొక్కనిస్తారా?

గ్రావెల్ సైకిల్‌కి ఈ జిల్లాల్లో కాలువ గట్టుని మించిన దారి లేదు. వంశధార మీద గొట్టా బ్యారేజీ నుంచి బయల్దేరే ఎడమ కాలువ వంద కిలోమీటర్లకి పైగా పొడవుంటుంది. నాగావళి మీద నారాయణపురం ఆనకట్ట కాలువలు, తోటపల్లి కాలువలు వేరే. కాలువ కాబట్టి ఎత్తుపల్లాలు ఉండవు, లారీలు రావు, ఒక పక్క నీళ్లు, ఒక పక్క పొలాలు.

అయితే గట్టు మీది దారి నీటిపారుదల శాఖ తమ తనిఖీలకీ మరమ్మతులకీ వేసుకున్నది. రైతులు, పశువులు, స్కూలు పిల్లలు అందరూ వాడతారు, మిమ్మల్నీ ఎవరూ ఆపరు. పని జరుగుతున్న చోట, లాకుల దగ్గర లస్కరు (కాలువ చూసుకునే ఉద్యోగి) ఆగమంటే ఆగాలి, వాదన పెట్టుకోకూడదు. గట్టు మీద గేటు వేసి ఉంటే దాటి వెళ్లకండి.

తొక్కేటప్పుడు జాగ్రత్త పడాల్సింది తూముల దగ్గర. పిల్లకాలువకి నీళ్లు మళ్లించే మదుముల మీద రోడ్డు ఒక్కసారిగా ఇరుకవుతుంది. కొన్నిచోట్ల పిట్టగోడ కూలిపోయి ఉంటుంది. ఎండాకాలంలో రైతులు పైపులు వేయడానికి గట్టుని అడ్డంగా తవ్వి, మట్టితో పూడుస్తారు. పైకి సమంగా కనిపిస్తుంది, చక్రం దిగాక తెలుస్తుంది. ఉదయం మంచుకి గడ్డి తడిసి నున్నగా ఉంటుంది, కాలువ వైపు అంచుకి మీటరు దూరంలోనే ఉండండి. నీళ్లు వదిలిన రోజుల్లో సిమెంటు లైనింగ్ ఉన్న కాలువలో పడితే ఈత వచ్చినా పైకి రావడం కష్టం.

ఈ కాలువతో కలిపి చూడదగినవి కొన్ని ఉన్నాయి. వంశధార ఎడమ ఒడ్డున శ్రీముఖలింగం, మధుకేశ్వరుడి గుడి. ఆమదాలవలస దగ్గర దన్నానపేటలో మహాశిలాయుగపు రాతి సమాధి. పైన కప్పిన బండని చూస్తే దాన్నెలా ఎత్తారో అని ఎవరికైనా అనిపిస్తుంది. విజయనగరం జిల్లా వంగర దగ్గర నాగావళి, సువర్ణముఖి, వేగావతి కలిసే సంగం, పక్కనే మడ్డువలస రిజర్వాయరు. రాజాంలో బస చేసి ఈ రెండూ ఒకరోజు తిరగొచ్చు.

నదిలో నీళ్లు తక్కువగా ఉన్నాయి, అడ్డంగా దాటేయొచ్చా?

వానాకాలంలో వద్దు. నాగావళి, వంశధార రెండూ ఒడిశాలో పుట్టినవే. అక్కడ కొండల్లో కుండపోత కురిస్తే, ఇక్కడ చుక్క వాన లేకుండా ఎండ కాస్తుండగానే నీళ్లు పెరుగుతాయి. కొండ గెడ్డలు ఇంకా తొందరగా పొంగుతాయి. ఇసుక తవ్విన గుంతలు నీళ్ల కింద కనిపించవు. వంతెన పది కిలోమీటర్ల చుట్టయినా వంతెన మీదుగానే రండి.

ఉద్దానంలో ఎలుగుబంట్లు ఉంటాయట, నిజమా?

నిజమే. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట వైపు జీడి, కొబ్బరి, పనస తోటల్లో ఎలుగులు తిరుగుతాయి. మనుషుల మీద పడి ప్రాణాలు తీసిన సంఘటనలున్నాయి. 2022 జూన్‌లో కిడిసింగి దగ్గర జరిగింది ఇప్పటికీ అక్కడివాళ్లు చెప్పుకుంటారు.

అలాగని ఉద్దానం మానుకోనక్కర్లేదు. జనవరి, ఫిబ్రవరిలో జీడిపూత టైములో ఆ తోటల మధ్య ఎర్రటి బండిబాటలో నీడ పట్టున తొక్కడం లాంటిది ఈ జిల్లాల్లో ఇంకోటి లేదు. తిత్లీ తుపాను పెద్ద చెట్లని పడగొట్టేసింది, ఇప్పుడు కనిపించేవాటిలో చాలా వరకు ఆ తర్వాత నాటినవో, మళ్లీ చిగురించినవో. వేళ ఒక్కటే మార్చుకోండి. తీరం రూటుకి తెల్లారకముందు బయల్దేరమన్నాను, ఇక్కడ మాత్రం బాగా తెల్లారి, తోటల్లోకి కూలీలు వచ్చాకే లోపలికి దిగండి. సాయంత్రం నాలుగున్నరకల్లా మెయిన్ రోడ్డెక్కేయండి. డిసెంబర్‌లో ఐదున్నరకే పొద్దుపోతుంది మనకి. జీడిపండ్లు, పనసపండ్లు ముగ్గే ఏప్రిల్ నుంచి జూన్ దాకా తోటల లోపలి బాటలు వదిలేయడం మేలు, ఎలుగులు వాటి కోసమే వస్తాయి. గంట కొట్టుకుంటూ, మాట్లాడుకుంటూ వెళ్లండి. చప్పుడు లేకుండా మలుపు తిరిగి దానికి ఎదురుపడటమే అసలు ప్రమాదం. కనిపిస్తే ఫోన్ తీయకుండా వచ్చిన దారినే వెనక్కి మళ్లండి.

తోటలో రాలిన జీడికాయని చేత్తో నలపకండి, పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాలుస్తుంది. నీళ్లు మాత్రం మీవే తెచ్చుకోండి. ఉద్దానంలో కిడ్నీ జబ్బులు ఎక్కువన్న సంగతి తెలిసిందే కదా, అక్కడివాళ్లే బోరు నీళ్లు నమ్మరు.

బారువ దగ్గర మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోటు దాకా వెళ్తే ఈ రూటు పూర్తవుతుంది.

పిట్టలు చూడాలంటే?

నౌపడా స్టేషన్లో దిగండి. ఉప్పుమడుల మధ్య గట్లు, చిత్తడి, అంతా చదును. అక్కణ్నుంచి తేలినీలాపురం దగ్గరే. చలికాలంలో పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు ఊరి చెట్ల మీదే గూళ్లు కట్టుకుంటాయి. చెట్ల కిందికి వెళ్లకుండా దూరం నుంచే చూడాలి. ఉప్పుమడుల గట్లు వానకి సబ్బులా జారతాయి. మూలపేట పోర్టు వైపు, టెక్కలి గ్రానైట్ క్వారీల వైపు లారీలు ఎక్కువ, ఆ రోడ్లు తప్పించుకోండి.

సీతంపేట ఏజెన్సీకి వెళ్లొచ్చా?

2022 ఏప్రిల్ 4 నుంచి సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. అయినా శ్రీకాకుళం వాళ్లం ఇంకా మనదే అనుకుంటాం. సవర గూడేలు, పోడు కొండలు, పైనాపిల్, పసుపు తోటలు. ఎక్కుడు దిగుళ్లు గట్టివి, కొత్తవాళ్లకి చెప్పను. అసలు ఆలోచించాల్సింది ఏనుగుల గురించి. ఒడిశా నుంచి వచ్చిన గుంపు ఏళ్లుగా సీతంపేట, కొమరాడ, పార్వతీపురం వైపు పొలాల్లో తిరుగుతోంది. బయల్దేరే ముందు రోజు, మళ్లీ ఆ ఉదయం, గుంపు ఎటుందో దార్లో టీ కొట్టు దగ్గర అడగండి, అందరికీ తెలిసే ఉంటుంది. అటు ఉన్నాయంటే ఆ పూటకి ప్లాన్ మార్చుకోండి. మట్టిరోడ్డులో ఏనుగుని మించి తొక్కలేరు. రిజర్వు ఫారెస్టు లోపలి దారులకి అటవీ శాఖ అనుమతి ఉండాలి. పోలీసులు ఆపి అడిగితే చూపించడానికి ఆధార్ దగ్గరుంచుకోండి.

మ్యాప్‌లో ఉన్న దారి నిజంగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

ముందు ఇంట్లో ఉపగ్రహ చిత్రం చూసుకోండి. కాలువ గట్టు, చెరువు గట్టు స్పష్టంగా కనిపిస్తాయి. రూటు ఫోన్లో ఆఫ్‌లైన్‌గా దించుకోండి, కొండ పక్కన సిగ్నల్ ఉండదు. తర్వాత నోరు వాడాలి. "ఈ దారి ఫలానా ఊరికి వెళ్తుందా?" అని అడిగితే అందరూ వెళ్తుందనే అంటారు, కాలినడకన వెళ్తుంది కాబట్టి. "ఆటో వెళ్తుందా, ట్రాక్టరా?" అని అడగండి. ఆటో వెళ్తే హాయిగా తొక్కొచ్చు. ట్రాక్టరే అంటే గాడులు ఉంటాయి, నెమ్మదిగా పోవచ్చు. ఎడ్లబండి మాత్రమే అంటే సగం దూరం తోయాలి. "ఆ తోవ తెగిపోనాది బాబూ, ఈ తోవంట ఎల్లండి" అన్నారంటే ఇంక మ్యాప్‌ని నమ్మకండి.

దారిలో పంక్చర్ అయితే ఊరి షాపులో వేస్తారా?

అతుకు వేస్తారు, చక్కగా వేస్తారు. చిక్కు గాలి దగ్గర వస్తుంది. ఖరీదైన సైకిళ్లకి ఉండే సన్నటి ప్రెస్టా వాల్వుకి ఊరి పంపు పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టరు ఒకటి వాల్వుకే బిగించి ఉంచుకుంటే బైకులకి గాలి కొట్టే కంప్రెసర్ కూడా పనికొస్తుంది. ఊరి సైకిళ్ల ఇరవై ఎనిమిది అంగుళాల టైరు మన రిమ్ముకి ఎక్కదు, కొలత వేరు. ట్యూబు అవసరానికి సర్దుకుంటుంది గానీ, ప్రెస్టా కోసం చేసిన సన్న రంధ్రంలో దాని లావు వాల్వు దూరదు. కాబట్టి రెండు ట్యూబులు, అతుకుల డబ్బా, టైరు లివర్లు, చిన్న పంపు, గొలుసు విరిచే పనిముట్టు, ఒక గొలుసు లింకు, గేరు హ్యాంగరు (వెనక గేరుని ఫ్రేముకి పట్టి ఉంచే ముక్క) మీ సంచిలో ఉండాలి. టైరు చీలితే లోపల పెట్టడానికి పాత టైరు ముక్కో, మడిచిన పది రూపాయల నోటో చాలు.

తిండి సంగతి?

పొద్దున్న పూట ఏ సెంటర్లోనైనా ఇడ్లీ, పూరీ, టీ దొరుకుతాయి. పది దాటితే చిన్న ఊళ్లలో హోటళ్లు కట్టేస్తాయి. ఎండలో చోడి (రాగి) అంబలి మజ్జిగ కలిపి, ఉల్లిపాయ నంజుకుని తాగితే ఏ ఎనర్జీ జెల్లూ దాని ముందు నిలవదు. చలికాలంలో తేగలు, ఎండాకాలంలో ముంజలు, కొబ్బరిబొండాలు రోడ్డు పక్కనే. రెండు సీసాల నీళ్లు, ఓఆర్ఎస్ పొట్లాలు తప్పనిసరి.

కుక్కలు వెంటపడితే?

ఇంకా వేగంగా తొక్కితే ఇంకా వెంటపడతాయి. ఆగి, దిగి, సైకిల్‌ని మధ్యలో అడ్డం పెట్టుకుని నడవండి. వాటి హద్దు దాటగానే ఊరుకుంటాయి. పొరపాటున కరిస్తే సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు టీకా మొదలుపెట్టాలి. పాము కాటైతే కట్లు కట్టడం, కోయడం చేయకుండా కాలు కదపకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. వరి గట్ల మీద రక్తపింజర ఉంటుంది, తోసుకుంటూ నడిచేటప్పుడు ఎక్కడ అడుగేస్తున్నారో చూసుకోండి.

ఆడవాళ్లు ఒంటరిగా వెళ్లొచ్చా? బట్టలెలా ఉండాలి?

పగటిపూట ఊళ్ల మీదుగా పోయే రూట్లకి ఇబ్బంది లేదు. జనం చూస్తారు, ఏటమ్మా ఎక్కడ్నుంచని అడుగుతారు, చాలాసార్లు మంచినీళ్లిచ్చి కూర్చోబెడతారు. కొండవైపు, తోటల లోపలికి మాత్రం ఆడైనా మగైనా ఇద్దరు ముగ్గురు కలిసే వెళ్లాలి. టాయిలెట్లు పెట్రోలు బంకుల్లో తప్ప దొరకడం కష్టం, రూటు వేసుకునేటప్పుడే హైవేని ఎక్కడ తాకుతుందో చూసుకోండి. సైక్లింగ్ షార్ట్స్ మీద పల్చటి ట్రాక్ ప్యాంటు ఒకటి వేసుకుంటే గుళ్లోకి వెళ్లడానికీ, అరుగు మీద కూర్చోవడానికీ మొహమాటం ఉండదు.

సైకిల్‌ని రైల్లో తేవచ్చా?

తేవచ్చు. స్టేషన్లో పార్సిల్ ఆఫీసులో లగేజీగా బుక్ చేసి, అదే రైలు బ్రేక్ వ్యాన్లో ఎక్కిస్తారు. అన్ని రైళ్లకీ అన్ని స్టేషన్లలో దించేంత ఆగుదల ఉండదు కాబట్టి విజయనగరం, శ్రీకాకుళం రోడ్, పలాస లాంటి పెద్ద స్టేషన్లు ఎంచుకోండి. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, ఊరికి పది కిలోమీటర్ల పైనే, మొదటి వార్మప్ అక్కడే అయిపోతుంది. పెడల్స్ విప్పి, హ్యాండిల్ తిప్పి, డిస్క్ రోటర్ల మీద అట్టముక్క కట్టి ఇవ్వండి. రసీదులో "సైకిల్, గేర్లతో" అని రాయించుకుని, దించేటప్పుడు వ్యాను దగ్గర మీరే నిలబడండి. వెళ్లేది రైల్లో, వచ్చేది తొక్కుతూ అయితే ఇచ్ఛాపురం దాకా వెళ్లి దక్షిణానికి తిరగండి. రెండు రోజులు పెట్టుకుంటే బారువ, పలాస, టెక్కలి మీదుగా నదులన్నీ ఒక్కొక్కటే దాటుకుంటూ శ్రీకాకుళం చేరొచ్చు.